మణికట్టు మీది ఏ అంకెకు డబ్బు పెట్టాలి?

విశాఖ బీచ్ రోడ్డును తెల్లవారుజామున వాహనాలు లేకుండా నడిచేవాళ్లకూ పరుగెత్తేవాళ్లకూ వదిలేస్తారు. ఒక ఉదయం అక్కడ ఎడమ చేతికి రెండున్నర వేల రూపాయల వాచీ, ఛాతీకి హార్ట్ రేటు పట్టీ కట్టుకుని పరుగు మొదలుపెట్టాను. అర కిలోమీటరు దాటకముందే వాచీ 168 చూపించింది. పట్టీతో జతపడిన ఫోను మాత్రం 124 అంటోంది. పక్కనున్న మిత్రుడితో తెంపు లేకుండా మాట్లాడుతూ పరుగెత్తుతున్నాను. నిజంగా 168 అయితే నాకు మాట పెగలదు. ఆగి, వెంటనే మెడ దగ్గర నాడి పట్టుకుని పదిహేను సెకన్లు లెక్కపెడితే 31 వచ్చింది. నాలుగు పెట్టి హెచ్చవేస్తే 124. మరి ఆ 168 ఎక్కడిది? మళ్లీ పరుగందుకుని ఈసారి అడుగులు లెక్కపెట్టాను. పదిహేను సెకన్లకు 42, అంటే నిమిషానికి 168. వాచీ నా అడుగులను లెక్కపెట్టి గుండె ఖాతాలో రాసింది.

ఈ పొరపాటుకు పరుగువాళ్లలో ఒక పేరుంది, కేడెన్స్ లాక్ అంటారు. కేడెన్స్ అంటే నిమిషానికి వేసే అడుగులు. ఆ వాచీ ఆ పరుగంతటినీ ‘అత్యంత తీవ్రం’ అని ముద్ర వేసి, రెండు రోజులు విశ్రాంతి తీసుకోమని సలహా కూడా ఇచ్చింది. నిజానికి నేను చేసింది తేలికపాటి పరుగు. అది నమ్మి ఉంటే వారం సాధన చెడిపోయేది.

స్మార్ట్‌వాచీలూ ఫిట్‌నెస్ బ్యాండ్లూ కొనేటప్పుడు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పెట్టె మీద గుండె, నిద్ర, ఆక్సిజన్, ఒత్తిడి, కేలరీలు, నూట ఇరవై రకాల ఆటలు అని చాంతాడంత జాబితా ఉంటుంది. ఆ జాబితా రెండు వేల వాచీకీ ముప్పై వేల వాచీకీ దాదాపు ఒకటే. ఏ కొలత ఎంత నమ్మదగినది అన్నది మాత్రం పెట్టె మీద ఎక్కడా ఉండదు. అందుకే ఏ వాచీ కొనాలని ఎవరు అడిగినా నేను ముందు ఒకటే అడుగుతాను: ఏ ఒక్క అంకె చూసి మీరు మీ సాధన మార్చుకుంటారు? దూరమా, వేగమా, గుండె వేగమా, ఈతలో చుట్లా, కేవలం అడుగులా? ఆ అంకెను సరిగ్గా కొలిచేదానికే డబ్బు పెట్టాలి. మిగిలినవి ఉచితంగా వచ్చినవి అనుకోవాలి.

మొన్న దసరా ఆఫర్ల సమయంలో హైదరాబాదు నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు.

“మామయ్యా, ముప్పై వేల వాచీ ఇరవై రెండు వేలకే వస్తోంది. తీసుకోనా?”

“ఇప్పుడు ఏ ఆట ఆడుతున్నావురా?”

“వారానికి నాలుగు రోజులు షటిల్. ఇంకేమీ లేదు.”

“నాలుగు గోడల మధ్య షటిల్ కోర్టులో జీపీఎస్‌తో నీకు పని ఏముంది?”

ఆ వాచీ ధరలో పెద్ద భాగం జీపీఎస్‌ది, మ్యాపులది, పర్వతారోహణ లెక్కలది. వాడికి కావలసింది ఆటలో గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, రెండు పాయింట్ల మధ్య ఎంత త్వరగా దిగుతోంది అన్నదే. షటిల్‌లో మణికట్టు క్షణక్షణం విరుస్తుంటారు కాబట్టి వాచీ సరిగ్గా ఆ అంకె దగ్గరే తడబడుతుంది. చివరికి మోచేతికి పైన కట్టుకునే హార్ట్ రేటు పట్టీ కొన్నాడు. నాలుగు వేలు దాటలేదు. అంకెలు చూడటానికి చేతిలో ఫోను ఉండనే ఉంది.

ఆకుపచ్చ దీపాలు చేసే పని

వాచీని వెనక్కి తిప్పితే ఆకుపచ్చ దీపాలు మిణుకుమంటూ కనిపిస్తాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింది సన్నని నాళాల్లోకి రక్తం ఉబికి వస్తుంది, ఆ క్షణాన తిరిగివచ్చే వెలుగు వెంట్రుకవాసి తగ్గుతుంది. దీపాల పక్కనున్న చిన్న సెన్సర్ ఆ హెచ్చుతగ్గులను పట్టుకుని లెక్కగడుతుంది. కుర్చీలో కదలకుండా కూర్చున్నప్పుడు చవక వాచీ కూడా ఈ పని బాగానే చేస్తుంది. చేయి ఊగడం మొదలైతే కథ మారుతుంది. వాచీ చర్మం మీద జారుతుంది, కింద కండ కదులుతుంది, సందుల్లోంచి బయటి వెలుగు దూరుతుంది. గుండె తెచ్చే మార్పు కంటే ఈ కదలిక తెచ్చే మార్పు ఎన్నో రెట్లు పెద్దది. లోపలి సాఫ్ట్‌వేర్ చలన సెన్సర్ సాయంతో చేతి ఊపును గుర్తించి, దాన్ని తీసివేసి, మిగిలినదాంట్లో గుండె లయను వెతకాలి.

పరుగులో చాలామంది నిమిషానికి 160 నుంచి 180 అడుగులు వేస్తారు. గట్టిగా పరుగెత్తేటప్పుడు గుండె వేగం కూడా అదే పరిధిలోకి వస్తుంది. రెండు లయలు అలా పక్కపక్కన నడుస్తుంటే విడదీయడం ఖరీదైన వాచీలకూ పరీక్షే. పేరున్న వాచీల్లో దీపాలూ సెన్సర్లూ ఎక్కువ, సాఫ్ట్‌వేర్ మీద ఏళ్ల తరబడి చేసిన పని ఎక్కువ, కాబట్టి తప్పులు తక్కువ. తప్పులు బొత్తిగా లేవని కాదు.

ఛాతీ పట్టీ దారి వేరు. అది వెలుగును చూడదు, గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే విద్యుత్ సంకేతాన్నే నేరుగా అందుకుంటుంది. ఇదేమీ కొత్త సరుకు కాదు. 1977లో ఫిన్లాండ్‌లో మొదలైన పోలార్ సంస్థ 1982లోనే తీగలు లేని హార్ట్ రేటు మానిటర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. నాలుగు దశాబ్దాలు గడిచినా పరుగులో, సైకిల్ మీద, బరువులెత్తేటప్పుడు ఆ పట్టీని మించిన మణికట్టు సెన్సర్ రాలేదు. సైకిల్ మీద హ్యాండిల్ బిగించి పట్టుకుంటే మణికట్టులో రక్తప్రవాహం నొక్కుకుపోతుంది, రోడ్డు అదురు దానికి తోడవుతుంది. డంబెల్ ఎత్తినప్పుడూ అంతే. అందువల్ల నా లెక్కలో ఇరవై ఐదు వేల వాచీ ఒక్కటి కంటే పదిహేను వేల వాచీ, మూడు వేల పట్టీ జంటగా ఎక్కువ విలువ చేస్తాయి. ఒక్క షరతు ఉంది. ఆ వాచీ బయటి పట్టీని బ్లూటూత్ ద్వారానో, అలాంటిదే అయిన యాంట్ ప్లస్ అనే వైర్‌లెస్ పద్ధతి ద్వారానో కలుపుకోగలగాలి. చవక వాచీలు చాలావరకు కలుపుకోవు. కొనేముందు తప్పక అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

పట్టీ వద్దనుకునేవాళ్లు కొంత జాగ్రత్తతో మణికట్టు కొలతనే మెరుగుపరచుకోవచ్చు. మణికట్టు ఎముక మీద కాకుండా దానికి ఒక వేలెడు పైన, చేయి ఊపినా జారనంత బిగువుగా కట్టాలి. పరుగు అయ్యాక వదులు చేసుకోవాలి. మొదటి పది నిమిషాలు మెల్లగా సాగి ఒంట్లో వేడి పుట్టనివ్వాలి. మన ఉక్కపోతలో చెమటకు వాచీ జారుతుంది కాబట్టి రబ్బరు పట్టీ కంటే బిగువు సరిచేసుకోగల నైలాన్ పట్టీ మేలు. బరువు కూడా చూడాలి. అరవై గ్రాముల వాచీ సన్నని మణికట్టు మీద ప్రతి అడుగుకూ ఎగిరిపడుతుంది, ముప్పై గ్రాములది అతుక్కుని ఉంటుంది. స్త్రీలకు ఈ తేడా మరీ ఎక్కువగా తెలుస్తుంది. అయినా దుకాణాల్లో పెద్ద డయల్‌నే గొప్పగా చూపిస్తారు.

గుండె వేగం సరిగ్గా వచ్చినా దాన్ని ఏ కొలబద్దతో పోల్చాలన్నది ఇంకో చిక్కు. చాలా వాచీలు 220లోంచి వయసు తీసేసి అదే మీ గరిష్ఠ గుండె వేగం అంటాయి. అరవై ఏళ్లవారికి 160 వస్తుంది. 2001లో వెలువడిన మరో సూత్రం ప్రకారం 208లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేయాలి, అప్పుడు అదే వ్యక్తికి 166. రెండూ సగటులే. ఒకే వయసున్న ఇద్దరి మధ్య అటూ ఇటూ పది పన్నెండు తేడా మామూలు విషయం. మీ అసలు గరిష్ఠం 178 అయి, వాచీ 160 అనుకుంటే, తేలిక పరుగు కూడా ఎర్ర రంగులోనే కనిపిస్తుంది. గరిష్ఠ గుండె వేగాన్నీ, దాన్ని బట్టి తేలిక, మధ్యస్థం, తీవ్రం అని విడదీసే జోన్లనూ మనం మార్చుకునే వీలు యాప్‌లో లేకపోతే ఆ వాచీ సాధనకు పనికిరాదనే నా అభిప్రాయం.

దూరం దగ్గర జరిగే మాయ

‘జీపీఎస్ ఉంది’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. మొదటిది, వాచీలోనే జీపీఎస్ చిప్ ఉండటం. రెండోది ‘కనెక్టెడ్ జీపీఎస్’, అంటే జేబులోని ఫోను దారిని గుర్తిస్తే వాచీ దాన్ని తెచ్చి తన తెర మీద చూపించడం. ఫోను ఇంట్లో వదిలి వెళితే ఈ రెండోరకం వాచీ అడుగులను బట్టి దూరాన్ని అంచనా వేస్తుంది. అడుగు పొడవు వేగంతో పాటు మారుతుంది కాబట్టి ఆ అంచనా తేలిగ్గా తప్పుతుంది. ప్రకటనల్లో ‘కనెక్టెడ్’ అన్న మాటను సన్న అక్షరాల్లో వేస్తారు. ‘బిల్ట్ ఇన్’ అని స్పష్టంగా ఉంటేనే నమ్మండి.

చిప్ ఉన్నవాటిలోనూ తేడాలున్నాయి. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ సమయాన్ని చెబుతుంటాయి. ఆ సంకేతం చేరడానికి పట్టిన వ్యవధిని బట్టి వాచీ తాను ఎక్కడుందో లెక్కగడుతుంది. కాంతి వేగంతో వచ్చే సంకేతం కాబట్టి సెకనులో పది లక్షలో వంతు పొరపాటు పడినా స్థానం మూడు వందల మీటర్లు తప్పుతుంది. బీచ్ రోడ్డు మీద ఒకవైపు సముద్రం, పైన ఆకాశమంతా తెరిచి ఉంటుంది. అక్కడ ఐదారు వేల వాచీ కూడా గీత గీసినట్టు దారి చూపిస్తుంది. అదే వాచీని గచ్చిబౌలి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడల మధ్యకు తీసుకువెళ్లండి. సంకేతం గోడలకు తగిలి, దారి మళ్లి, ఆలస్యంగా చేరుతుంది. మీరు రోడ్డు మీద పరుగెత్తుతుంటే మ్యాపులో మీ దారి మేడల్లోంచి వెళుతుంది. కేబీఆర్ పార్కు చెట్ల కింద తడి ఆకుల వల్ల సంకేతం బలహీనపడుతుంది.

దీనికి విరుగుడుగా వచ్చినవే డ్యూయల్ ఫ్రీక్వెన్సీ వాచీలు. ఇవి పాత ఎల్1 సంకేతంతో పాటు ఎల్5 అనే సంకేతాన్నీ అందుకుంటాయి. ఎల్5లో సమయ సంకేతం పది రెట్లు వేగంగా నడుస్తుంది, అందువల్ల నేరుగా వచ్చినదేదో గోడకు తగిలి వచ్చినదేదో తేలిగ్గా విడదీయవచ్చు. మేడల మధ్య రోజూ పరుగెత్తేవాళ్లకు ఈ అదనపు ఖర్చు న్యాయమైనది. ఊరి బయటి రోడ్లమీద, కాలువ గట్లమీద, కాలేజీ మైదానాల్లో పరుగెత్తేవాళ్లకు అక్కరలేదు.

మన నావిక్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే కొన్ని పెట్టెల మీద ఆ పేరు కనిపిస్తోంది. ఇస్రో నిర్మించిన, జీపీఎస్‌లా దారి చూపే ఈ ఉపగ్రహ వ్యవస్థ మొదట్లో ఎల్5, ఎస్ బ్యాండ్లలోనే సంకేతాలు పంపేది. చవక చిప్‌లు ఎల్1 ఒక్కటే అందుకుంటాయి కాబట్టి వాటికి నావిక్ ఆకాశంలో ఉన్నా లేనట్టే. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో ఎల్1 సంకేతం కూడా మొదలైంది. మన తీరం నుంచి లేచిన ఉపగ్రహం మన చేతి వాచీకి దారి చెప్పే రోజు వస్తోందంటే నాకు నిజంగా గర్వంగా ఉంటుంది. అయినా ఆ ఒక్క పేరు చూసి వాచీ కొనవద్దనే చెబుతాను. అమెరికా, రష్యా, ఐరోపా, చైనా ఉపగ్రహాలన్నీ కలిసి ఇప్పటికే మన నెత్తిన సరిపడా ఉన్నాయి.

మారథాన్ అయ్యాక చాలామంది “నా వాచీ 42.7 చూపించింది, కొలత తప్పు” అని నిర్వాహకుల మీద విసుక్కుంటారు. 42.195 కిలోమీటర్లు కొలిచేది మలుపుల్లో అతి దగ్గరి దారిన. మనం జనాన్ని తప్పించుకుంటూ, నీళ్ల బల్ల వైపు ఒరుగుతూ, మలుపుల్లో బయటి అంచున పరుగెత్తుతాం. దానికి జీపీఎస్ తడబాట్లు తోడవుతాయి. వాచీలో నాలుగైదు వందల మీటర్లు ఎక్కువ రావడం సహజం. దాన్ని బట్టి వాచీని మార్చవద్దు. ఆకాశం తెరిచి ఉన్న, కొలత తెలిసిన రోడ్డు మీద కిలోమీటరుకు ముప్పై నలభై మీటర్లు మించి తప్పితే మాత్రం అనుమానించాలి.

ఎత్తు కొలవడానికి మంచి వాచీల్లో బారోమీటర్ ఉంటుంది. వంద మీటర్లు ఎక్కితే గాలి ఒత్తిడి దాదాపు పన్నెండు మిల్లీబార్లు తగ్గుతుంది, ఆ తగ్గుదలను అది పట్టుకుంటుంది. దీని విలువ నాకు అలిపిరి మెట్ల దారిలో తెలిసింది. 3,550 మెట్లు, దారి పొడవునా చాలా చోట్ల పైకప్పు. కప్పు కింద జీపీఎస్ గీత పిచ్చి గీతలా తయారైంది, ఎక్కిన ఎత్తు మాత్రం మెట్టు మెట్టుకూ నిలకడగా పెరుగుతూ వచ్చింది. కొండలెక్కేవాళ్లు, ఘాట్ రోడ్ల మీద సైకిల్ తొక్కేవాళ్లు బారోమీటర్ ఉన్నదే తీసుకోవాలి. గోదావరి జిల్లాల చదును నేల మీద పరుగెత్తేవాళ్లకు దాని అవసరం లేదు.

నమ్మకూడని అంకెలు

అన్నిటికంటే ఎక్కువమంది చూసేది, అన్నిటికంటే తక్కువ నమ్మదగినది కేలరీల లెక్క. 2017లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అరవై మందికి ఏడు రకాల పరికరాలు కట్టి పరీక్షించారు. గుండె వేగంలో ఏడింటిలో ఆరు ఐదు శాతం లోపు తప్పుతోనే గట్టెక్కాయి. కేలరీల దగ్గర మాత్రం అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే వెనకబడినది 93 శాతం. ఆ తర్వాత వాచీలు కొంత మెరుగుపడి ఉండవచ్చు, కానీ మూల సమస్య అలాగే ఉంది. మన ఒంటి కండ, కొవ్వు, అలవాటుపడిన శ్రమ ఇవేవీ వాచీకి కనిపించవు. ‘600 కేలరీలు ఖర్చయ్యాయి’ అన్నది చూసి రెండు పూరీలు అదనంగా వేసుకోవడమో, తిండి తగ్గించేసుకోవడమో రెండూ పొరపాటే.

వీఓటూ మ్యాక్స్, అంటే గట్టి శ్రమలో ఒళ్లు వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్, ఆ అంకె కూడా అంచనాయే. మీరు ఎంత వేగంతో పరుగెత్తితే గుండె ఎంత కొట్టుకుంది అన్న పోలిక మీద అది నిలబడుతుంది. గుండె లెక్క తప్పితే దానిపైన కట్టిన మేడంతా ఒరుగుతుంది. మన ఎండల్లో ఇంకో ఇబ్బంది. మే నెలలో విజయవాడలో ఉదయం ఆరింటికే ఒళ్లు కాలుతుంది. ఒంటిని చల్లబరచడానికి గుండె అదనంగా కొట్టుకుంటుంది, పరుగు వేగం తగ్గుతుంది. అది చూసి వాచీ మీ సామర్థ్యం పడిపోయిందంటుంది. అప్పుడు బెంగపడి ఇంకా గట్టిగా పరుగెత్తడం ప్రమాదం. ఆ రోజుల్లో ఈ అంకెను చూడకండి.

పదివేల అడుగుల లక్ష్యం వైద్యులు పెట్టినది కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, ఒక జపాన్ సంస్థ అడుగులు లెక్కించే యంత్రానికి ‘పదివేల అడుగుల మీటరు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి అమ్మింది. ఆ గుండ్రటి అంకె అలాగే స్థిరపడిపోయింది. రోజూ నాలుగు వేలు నడిచే మనిషి ఆరు వేలు నడిస్తే అదే గొప్ప మేలు. ఇందుకు రెండు వేల బ్యాండు చాలు, అంతకు మించి పెట్టనవసరం లేదు.

ఇక చక్కెర, రక్తపోటు. మన ఇళ్లలో మధుమేహం లేని ఇల్లు అరుదు, కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. సూది గుచ్చకుండా మణికట్టు మీంచి రక్తంలో చక్కెర కొలుస్తామనే వాచీలను, ఉంగరాలను ఎవరూ వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అలాంటి పరికరం దేనికీ తాను అనుమతి ఇవ్వలేదని చెప్పింది. చేతికి అతికించుకునే గ్లూకోజ్ సెన్సర్ వేరు, దానికి చర్మం కిందికి దిగే సన్నని తీగ ఉంటుంది. చక్కెర చూపిస్తానన్న చవక వాచీని నమ్మి ఎవరైనా ఇన్సులిన్ మోతాదు మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఎవరైనా అలాంటి వాచీ బహుమతిగా తెస్తే చక్కెర అంకెను చూడవద్దని పక్కన కూర్చుని చెప్పండి. పరుగులో ఛాతీ బిగుతుగా అనిపిస్తే, కళ్లు తిరిగితే, వాచీలో అంకె మామూలుగా ఉన్నా ఆగిపోవాలి.

ధర చీటీలో లేని ఖర్చులు

‘పద్నాలుగు రోజుల బ్యాటరీ’ అన్నది జీపీఎస్ ముట్టుకోకుండా లెక్కగట్టినది. ఆడేవాళ్లు అడగవలసింది, జీపీఎస్ ఆన్ చేస్తే ఎన్ని గంటలు అని. ఆరు గంటలు వస్తే ఐదున్నర గంటల మారథాన్ చివర్లో గుండె దడ వాచీ వల్ల కూడా పెరుగుతుంది. ఇంకో లెక్క కూడా చూడండి. రోజూ ఛార్జ్ చేయవలసిన వాచీ రెండేళ్లలో ఏడు వందల సార్లకు పైగా ఛార్జ్ అవుతుంది, వారానికోసారి చేసేది వంద సార్లు. లిథియం బ్యాటరీ ప్రతి ఛార్జింగుకూ కొంత అరుగుతుంది, పైగా చాలా వాచీల్లో దాన్ని మార్చడం మనవల్ల కాదు. అందుకే నేను వాచీ ధరను అది పనిచేసే ఏళ్లతో భాగించి చూస్తాను. పద్దెనిమిది వేల వాచీ ఐదేళ్లు వస్తే ఏడాదికి మూడు వేల ఆరు వందలు. ఏడాదిన్నరకే మూలపడే ఆరు వేల వాచీ ఏడాదికి నాలుగు వేలు.

తళతళలాడే అమోలెడ్ తెర దుకాణంలో కన్ను చెదరగొడుతుంది. ఎండలో పరుగెత్తేవాళ్లకు వెలుగును తిప్పికొట్టే పాతరకం తెర, అదే ఎంఐపీ తెర, ఎండ పెరిగేకొద్దీ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, బ్యాటరీ కూడా ఆదా. బొత్తాలు తప్పనిసరి. చెమట పట్టిన వేలికి టచ్ స్క్రీన్ పలకదు, వాన చినుకులు పడితే దానంతట అదే పలుకుతుంది. ఈతకు నీటి ఒత్తిడిని తట్టుకుంటుందని చెప్పే 5 ఏటీఎం గుర్తు ఉండాలి. మన ఊళ్లలోని కొలనులు అన్నీ పాతిక, యాభై మీటర్లు ఉండవు, కాబట్టి కొలను పొడవును మనమే నమోదు చేసుకునే వీలుందో లేదో చూడాలి. వాచీ లెక్కపెట్టేది మలుపులను. పొడవు తప్పుగా ఇస్తే దూరమంతా తప్పే.

యాప్ గురించి కొనేటప్పుడు ఎవరూ ఆలోచించరు. 2016 చివర్లో పెబుల్ వాచీల సంస్థ మూతపడింది, 2018 జూన్‌తో దాని సర్వర్లు కూడా ఆగిపోయాయి. 2017లో ఫిట్‌నెస్ బ్యాండ్ల సంస్థ జాబోన్ మూతపడింది. వాళ్ల బ్యాండ్లు కట్టుకున్నవాళ్ల ఏళ్లనాటి లెక్కలు గాలిలో కలిశాయి. 2020 జూలైలో పెద్ద సంస్థ గార్మిన్ కూడా సైబర్ దాడి వల్ల కొన్ని రోజులు సేవలు ఆపేసింది, అయితే వాచీలు పరుగులను తమలోనే దాచుకున్నాయి కాబట్టి నష్టం జరగలేదు. మీ పరుగు ఫైలును ఫిట్ లేదా జీపీఎక్స్ అనే ఫైలు రూపాల్లో బయటికి తీసుకోగలగాలి, పరుగుల లెక్కలు దాచే స్ట్రావా వంటి యాప్‌కు పంపగలగాలి. అలా వీల్లేని వాచీలో రాసుకున్న సాధన మీది కాదు. నెలనెలా చందా కడితేనే లెక్కలు చూపించే పరికరాలకు ఆ చందాను మూడేళ్లకు కలిపి అసలు ధరలో చేర్చి చూడండి.

అమెరికా నుంచి వచ్చే అన్నయ్యతోనో అల్లుడితోనో తెప్పించుకోవడం మనవాళ్లకు అలవాటు. ధర తక్కువే, కానీ చాలా సంస్థల వారంటీ కొన్న దేశానికే చెల్లుతుంది, కొన్ని సదుపాయాలు దేశాన్ని బట్టి మారతాయి. తెప్పించుకునే ముందు ఆ సంస్థ సర్వీసు కేంద్రాన్ని అడగండి. ఫోనుతో పొత్తు కూడా చూసుకోవాలి. ఆపిల్ వాచీకి ఐఫోన్ తప్పనిసరి, శాంసంగ్ 2021 నుంచి తెచ్చిన గెలాక్సీ వాచీలకు ఆండ్రాయిడ్ తప్పనిసరి. ఇంకో చిన్న విషయం నాకు చాలా ముఖ్యం. ఎన్నో వాచీల్లో తెలుగు అక్షరాలు ఉండవు. అమ్మ పంపిన సందేశం వరసగా ఖాళీ డబ్బాల్లా కనిపిస్తుంది.

ఇంతకీ పరుగువాళ్లకు నా సలహా ఏమిటంటే, ఒక తరం పాత వాచీ. 2021లో వచ్చిన గార్మిన్ ఫోర్‌రన్నర్ 55 బరువు 37 గ్రాములు. అందులో ఐదు బొత్తాలు, సొంత జీపీఎస్ ఉన్నాయి, బయటి పట్టీతో కలుస్తుంది. పది కిలోమీటర్ల నుంచి మారథాన్ దాకా సాధన చేసేవాళ్లకు అందులో లేనిదంటూ పెద్దగా ఏమీ లేదు. మేడల మధ్య పరుగెత్తేవాళ్లకు 2023లో వచ్చిన కోరోస్ పేస్ 3 వంటిది నప్పుతుంది. నైలాన్ పట్టీతో ముప్పై గ్రాములే, డ్యూయల్ ఫ్రీక్వెన్సీ కూడా ఉంది. కొత్త మోడల్ వచ్చిన నెలల్లో ఇలాంటివాటి ధర దిగుతుంది, కొనవలసింది అప్పుడే. అచ్చు ధర తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది, అమ్మేది పదిహేడు వందలకు అని రాసి ఉన్నదాన్ని పదిహేడు వందల వాచీగానే చూడాలి.

కొన్నాక అట్టపెట్టె పారేయకండి. వెనక్కి పంపే గడువు సాధారణంగా ఏడు నుంచి పది రోజులు ఉంటుంది, ఆ రోజులను పరీక్షకు వాడండి. స్టేడియం ట్రాక్ లోపలి గీత వెంట ఐదు చుట్లు తిరిగితే రెండు కిలోమీటర్లు. వాచీ ఎంత చూపిందో రాసుకోండి. మధ్యాహ్నం ఎండలో తెర చదవగలుగుతున్నారా చూడండి. తడి చేత్తో ఒక చుట్టును (ల్యాప్) నమోదు చేసి చూడండి. ఇంట్లో ఎవరి చేతనైనా తెలుగులో ఒక సందేశం పెట్టించుకోండి. ఒక రోజు మెల్లగా, ఒక రోజు గట్టిగా పరుగెత్తి, మధ్యలో మూడు నాలుగు సార్లు ఆగీ ఆగగానే మెడ దగ్గర రెండు వేళ్లు పెట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టండి, నాలుగు పెట్టి హెచ్చవేయండి. వాచీ అంకెకూ మీ లెక్కకూ మధ్య పదికి మించిన తేడా మళ్లీ మళ్లీ వస్తుంటే, గడువు ముగియకముందే దాన్ని పెట్టెలో పెట్టి పంపేయండి.